ఇస్త్రీ పెట్టె, సూదీ దారం... ఓ బుల్లి విమానం!

ఇస్త్రీ పెట్టె దేనికి పనికొస్తుందంటే ఏం చెప్తాం? చీరలకీ, శ్రీవారి చొక్కాలకీ, పిల్లల యూనిఫారాలకీ అంటాం. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్ళు కిటికీ పరదాలు కూడా ఇస్త్రీ చేస్తారు. అదే ఇస్త్రీ పెట్టెతో విమానం రెక్కలు తయారు చేస్తారని చెబితే మాత్రం "ఈవిడకేమైనా మతి పోయిందా!" అనుకుంటారు కదూ?

నిజమేనండీ. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో మా చెల్లెలు కాపురం ఉంటోంది. 2023లో ఆరు నెలలు వాళ్ళింట్లో ఉండి వచ్చాను. వెళ్ళిన మర్నాడు పొద్దున్నే పోపుకి ఆవాలు అయిపోతే, సరుకుల అలమర వాళ్ళ కారు షెడ్డులో ఉంటుందని అటు వెళ్ళి తలుపు తీశాను. కారుకి బదులు గోడకి ఆనించి 14 అడుగుల రెక్క ఒకటి కనిపించింది! ఎముకలగూడులా గొట్టాలూ కమ్మీలూ తప్ప దాని మీద ఇంకేమీ లేదు. "ఇదేంటే?" అంటే మా చెల్లెలు తాపీగా, "ఆయన విమానం అక్కా. ఆవాలు పై అరలో ఉన్నాయి చూడు" అంది.

మా మరిది కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. విమానాల కంపెనీతో ఏ సంబంధమూ లేదు. సరదా, అంతే. మనవాళ్ళు కొందరు పేకాటకీ, కొందరు క్రికెట్టుకీ శని, ఆదివారాలు అర్పించుకుంటారు చూడండి, ఈయన విమానానికి అర్పించుకున్నాడు. పక్క ఊళ్ళో ఒక ముసలాయన సగం కట్టి, చూపు మందగించి ఆపేసిన విమానాన్ని 2021లో కొనుక్కొచ్చాడు. మిగతా సగం పూర్తి చేయడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ కారు మంచులోనే నానింది.

ఎంత బుల్లి విమానమంటే...

విమానం అనగానే మనకు బేగంపేటలోనో, శంషాబాదులోనో చూసిన పెద్ద విమానాలే గుర్తొస్తాయి. ఇది అలాంటిది కాదు. దీన్ని అల్ట్రాలైట్ అంటారు. పేరుకు తగ్గట్టే తేలిక. అమెరికా ప్రభుత్వం వీటి కోసం 1982లో ఒక నిబంధన పెట్టింది. దాన్ని పార్ట్ 103 అంటారు. దాని ప్రకారం ఇంజను ఉన్న విమానం ఖాళీ బరువు 254 పౌండ్ల లోపు ఉండాలి. మన లెక్కలో సుమారు 115 కిలోలు. అంటే నిండుగా ఉన్న గ్యాసు సిలిండర్లు నాలుగు! అంతే విమానం. పెట్రోలు 5 గ్యాలన్లు, అంటే దాదాపు 19 లీటర్లకు మించి పట్టకూడదు. గంటకి 100 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉండే హద్దు దాటి పోకూడదు. ఒక్క మనిషే కూర్చోవాలి. సరదాకో, ఆటకో తప్ప డబ్బు సంపాదనకి వాడకూడదు. ఊళ్ళ మీద, జనం గుమిగూడిన చోట ఎగరకూడదు. పగటి వెలుగులోనే ఎగరాలి.

ఇన్ని షరతులకీ ఒప్పుకుంటే ఇంక లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు, డాక్టరు సర్టిఫికెట్టూ అక్కర్లేదు! నడిపేవాడి ఒంటి మీదికి తప్ప ఇంకొకరి మీదికి పెద్దగా ప్రమాదం రాదు కాబట్టి వాడి జాగ్రత్త వాడిదే అని వదిలేశారన్నమాట. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ 'వాడి' వెనక ఒక ఇల్లాలూ, ఇద్దరు పిల్లలూ ఉంటారు కదా. ఆ సంగతి ఏ నిబంధనలోనూ రాయలేదు. ఆ మిగిలిన నిబంధనలేవో మా చెల్లెలు రాసింది. అవేంటో తరవాత చెప్తాను.

ఇంజను చూస్తే మనం ఎరగనిది కాదు. పాత లూనాలకీ, పాత స్కూటర్లకీ పెట్రోలు బంకులో ఆయిలు కలిపి పోయించుకునే వాళ్ళం గుర్తుందా? ఆ రకమే. టూ స్ట్రోక్ అంటారు. ఆస్ట్రియా దేశపు రోటాక్స్ కంపెనీ ఇంజన్లు వీటికి ఎక్కువగా వాడతారు. తేలిక, బలం ఎక్కువ. కానీ లూనా దారిలో మొరాయిస్తే తోసుకుంటూ ఇంటికి రావచ్చు, ఆకాశంలో మొరాయిస్తే ఏం తోస్తాం చెప్పండి!

మన పనే అక్కడా

ఇప్పుడు ఇస్త్రీ సంగతికి వద్దాం. రెక్క మీద రేకు ఉంటుందనుకున్నాను. రేకు కాదు, బట్ట! పాలిస్టర్ బట్ట. వీటిలో రకాలున్నాయి. కొన్నిటికి రెక్క కొలతకి ముందే కుట్టిన సంచులు వస్తాయి. దిండుకి గలీబు తొడిగినట్టు గొట్టాల మీదికి లాగి బిగించెయ్యడమే. మా మరిదిది అలాంటిది కాదు. బట్టని రెక్క చుట్టూ కప్పి, అంచుల్ని జిగురుతో అంటించి, ఆ తరవాత ఇస్త్రీ పెట్టె వేడితో బిగించాలి.

పాలిస్టర్‌కి వేడి తగిలితే ముడుచుకుంటుందని మనకి తెలుసు. ఎన్ని చీరలు పాడయ్యాయో లెక్కలేదు. మనకి నష్టం చేసే ఆ గుణమే అక్కడ పనికొచ్చే గుణం. వదులుగా, సంచిలా వేలాడుతున్న బట్ట మీద ఇస్త్రీ పెట్టె నెమ్మదిగా జరుపుతుంటే ముడతలన్నీ వాటంతట అవే మాయమై, బట్ట డోలు చర్మంలా బిగుసుకుంటుంది. వేలితో కొడితే 'డుమ్' అని మోగింది! నేను గంటసేపు కుర్చీ వేసుకుని అదే చూస్తూ కూర్చున్నాను.

అయితే వేడి ఇష్టం వచ్చినట్టు పెట్టకూడదు. మొదట 250 డిగ్రీలు, చివరికి 350 డిగ్రీలు. ఇది ఫారెన్‌హీటులో లెండి, మన సెల్సియస్‌లో దాదాపు 120, 177 అవుతాయి. 350 దాటితే బట్ట బిగువు సడలడం మొదలవుతుంది, ఇంకా దాటితే కరిగిపోతుంది. ఇస్త్రీ పెట్టె మీద 'కాటన్, సిల్కు' అని ఉండే గుర్తుల్ని నమ్మడానికి లేదు. అందుకని వేడి కొలిచి, ఆ డిగ్రీ ఎక్కడొస్తుందో ఇస్త్రీ పెట్టె మీద పెన్నుతో గీత గీసుకుంటారు. కొలిచేది దేనితో అనుకున్నారు? మిఠాయిలకి పాకం పట్టేటప్పుడు వాడే థర్మామీటరుతో! అక్కడ పాకం తీగ వచ్చిందా, ముదిరిందా అని వేళ్ళ మధ్య పట్టి చూడరు. దానికో థర్మామీటరు ఉంటుంది. మా చెల్లెలు కొబ్బరి ఉండలకని కొనుక్కున్న థర్మామీటరు ఆయన ఎత్తుకుపోయాడు. "మళ్ళీ వంటింట్లోకి తేవద్దు, ఆ జిగురు వాసన నాకొద్దు" అని కొత్తది కొనిపించుకుంది.

ఆ జిగురు విషయంలో మా చెల్లెలు చాలా గట్టిగా ఉంది. ఘాటు వాసన, నిప్పు అంటుకునే సరుకు. పిల్లలు ఇంట్లో లేనప్పుడు, పెద్ద తలుపు బార్లా తీసి, ముక్కుకి మాస్కు కట్టుకుని మాత్రమే తియ్యాలి. డబ్బా మూత బిగించాకే పిల్లలు అటు రావాలి.

బట్ట అంటించి బిగించాక కుట్టు. రెక్క లోపల వరసగా పక్కటెముకల్లా కమ్మీలు ఉంటాయి. ఎగిరేటప్పుడు రెక్క పైన గాలి ఒత్తిడి తగ్గి బట్ట పైకి లేవాలని చూస్తుంది. లేవకుండా బట్టని కమ్మీలకి కుట్టేయాలి. దీనికి మూరెడు పొడుగు సూది, మైనం పట్టించిన దారం. రెక్కని నిలువుగా నిలబెట్టి అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుంటారు. ఇటు నుంచి సూది పొడిస్తే అటు ఉన్న మనిషి అందుకుని, కమ్మీకి రెండో పక్క నుంచి వెనక్కి పొడవాలి. ప్రతి కుట్టుకీ ఒక ముడి. ఆ ముడి జాలర్లు వల అల్లేటప్పుడు వేసే ముడిలాంటిది. ప్రొపెల్లరు గాలి కొట్టే చోట కుట్లు ఇంకా దగ్గర దగ్గరగా పడాలి.

ఇటువైపు మా మరిది, అటువైపు మా చెల్లెలు. మధ్యలో రెక్క. ఒకరికొకరు కనిపించరు. "పంపు", "అందింది", "లాగు", "ఆగండి, ముడి జారింది" - ఇదే సంభాషణ. మూడు రాత్రులు కుట్టారు. పదకొండేళ్ళ కాపురంలో వాళ్ళిద్దరూ టీవీ లేకుండా ఇన్ని గంటలు కలిసి కూర్చోవడం అదే మొదటిసారని మా చెల్లెలే చెప్పింది. ఆయన వేసిన ముడులు రెండు విప్పించి మళ్ళీ వేయించింది కూడా. జాకెట్టుకి హుక్కులు కుట్టే చెయ్యి అది, ఊరుకుంటుందా!

కుట్ల మీద అంచులు పళ్ళు పళ్ళుగా కత్తిరించిన పట్టీలు అంటిస్తారు. టైలర్ల దగ్గర ఉంటుందే జిగ్‌జాగ్ కత్తెర, దాని పనే అది. అలా కత్తిరిస్తే పోగులు లేవవు. ఆ పైన రంగులు. రంగు అందానికే అనుకున్నాను. కాదట. ఎండ తగిలి తగిలి బట్ట పుచ్చిపోకుండా వేసే పూత అది. దొడ్డి వైపు కిటికీ పరదా రెండేళ్ళకే చేత్తో లాగితే చిరిగిపోతుంది చూడండి, అదే ఎండ, అదే బట్ట. అందుకే ఎగరనప్పుడు విమానాన్ని నీడలో పెట్టుకోవాలి. వీళ్ళ విమానానికి రెక్కలు మడత పడతాయి. చిన్న బండి మీద పెట్టి కారు వెనక కట్టుకుని తెచ్చుకుంటారు. షెడ్డు అద్దె మిగిలింది.

ఇది కొత్తేం కాదు

మా చెల్లెలు ఉండే చోటుకి దగ్గర్లోనే డేటన్ అనే ఊరు ఉంది. మొట్టమొదటి విమానం కట్టిన రైట్ సోదరుల ఊరు అదే. సైకిళ్ళ షాపు నడుపుకునే అన్నదమ్ములు. 1903 డిసెంబరు 17న వాళ్ళ విమానం మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. దాని రెక్కలకి వాడింది ఆడవాళ్ళ లోదుస్తులు కుట్టుకునే మస్లిన్ బట్ట! దానికి ముందు 1902లో గ్లైడరు కట్టేటప్పుడు పెద్దాయన విల్బర్ గంటల తరబడి కుట్టు మిషను దగ్గర కూర్చుంటే, తమ్ముడు ఆర్విల్ నేల మీద చతికిలబడి కుట్టు వెయ్యాల్సిన చోట గుర్తులు పెట్టేవాడట. ఈ సంగతి వాళ్ళ చెల్లెలు కేథరిన్ తండ్రికి రాసిన ఉత్తరంలో ఉంది. ఇల్లంతా బట్టలూ, కర్రలూ పరిచేసుకుంటే ఆవిడకి ఎలా ఉండేదో మనం ఊహించుకోగలం!

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లాండులో ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లో కూర్చుని విమానాల రెక్కలకి నార బట్ట కుట్టారు. కాబట్టి విమానం మగవాళ్ళ వ్యవహారం అని ఎవరైనా అంటే ఈసారి నవ్వి ఊరుకోండి.

ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ళకి అమెరికాలో పెద్ద సంఘమే ఉంది. పేరు ఇ.ఎ.ఎ. 1953లో మిల్వాకీ అనే ఊళ్ళో పాల్ పొబెరెజ్నీ అనే ఆయన మొదలుపెట్టాడు. పేరు ఆయనదే కానీ, సంఘం నడిచింది వాళ్ళింటి కింద గదిలో. ఉత్తరాలకి జవాబులు రాయడం, టైపు కొట్టడం, సభ్యుల లెక్కలు చూడడం అంతా ఆయన భార్య ఆడ్రీ. 1955లో ఒక పత్రికలో, 800 డాలర్ల లోపు విమానం మీరే కట్టుకోండి అంటూ ఆయన రాసిన వ్యాసం వచ్చాక ఉత్తరాలు వెల్లువెత్తాయి. ఆ వెల్లువంతా ఎవరి నెత్తిన పడి ఉంటుందో వేరే చెప్పాలా! పాల్ 2013లో, ఆడ్రీ 2020లో పోయారు. ఏటా జూలై చివర్లో ఆష్‌కాష్ అనే ఊళ్ళో ఆ సంఘం తిరునాళ్ళు జరుగుతాయి. వేల విమానాలు, లక్షల మంది జనం. విమానం రెక్క కింద గుడారం వేసుకుని పడుకుంటారట. మన గోదావరి పుష్కరాల జనం గుర్తొచ్చారు నాకు, ఫోటోలు చూస్తే.

అల్ట్రాలైట్ల సరదా అందరికీ అంటుకుంది కూడా ఆష్‌కాష్‌లోనే. 1976లో జాన్ మూడీ అనే ఆయన, కొండల మీద నుంచి దూకి తేలే గ్లైడరుకి చిన్న ఇంజను తగిలించి, కాళ్ళతో పరుగెత్తి గాల్లోకి లేచి చూపించాడు. మరో ఆరేళ్ళకి ప్రభుత్వం నిబంధన రాసుకోవాల్సి వచ్చింది.

వీటితో మంచి పనులు చేసినవాళ్ళూ ఉన్నారు. కెనడాలో బిల్ లిష్‌మన్ అనే శిల్పి తల్లి లేని అడవి బాతు పిల్లల్ని పెంచి, అవి తననే తల్లి అనుకునేలా చేసి, 1993లో తన బుల్లి విమానం వెనక వాటిని వరసగా ఎగిరించుకుంటూ కెనడా నుంచి అమెరికాలోని వర్జీనియా దాకా తీసుకుపోయాడు. వలస దారి నేర్పడానికన్నమాట. ఆ కథ మీద 1996లో 'ఫ్లై అవే హోమ్' అనే సినిమా వచ్చింది. పిల్లలతో కలిసి చూడొచ్చు.

భయం లేదా అంటే...

ఉంది. లేదని చెప్తే మిమ్మల్ని మోసం చేసినట్టే. జాన్ డెన్వర్ అనే పెద్ద గాయకుడు ఉండేవాడు. మన కాలేజీ పిల్లలు కూడా గిటారు పట్టుకుని ఆయన పాటలు పాడేవాళ్ళు. ఆయన 1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలో సముద్రంలో విమానం కూలి చనిపోయాడు. అది కూడా ఇంట్లో కట్టిన విమానమే, అల్ట్రాలైట్ కాదు, ఇంకాస్త పెద్దది. ఇంకొకరు కట్టినది ఈయన కొనుక్కున్నాడు. దర్యాప్తులో తేలిందేమిటంటే, ఒక ట్యాంకు నుంచి ఇంకో ట్యాంకుకి పెట్రోలు మార్చే పిడిని, డిజైనులో చెప్పిన చోట కాకుండా, కట్టినాయన నడిపే మనిషి ఎడమ భుజం వెనక బిగించాడు. అందుకోవాలంటే వెనక్కి తిరగాలి. తిరిగితే చేతిలో ఉన్న విమానం అదుపు తప్పుతుంది. ఏ ట్యాంకు ఎటో గుర్తులూ సరిగా లేవు. దానికి తోడు ఆ విమానంలో ఆయనకి తగిన తర్ఫీదూ లేదు.

నాకిది విన్నప్పటి నుంచీ గ్యాసు స్టవ్వు గుర్తొస్తుంటుంది. రెగ్యులేటరు చేతికందే చోట ఉండాలి, తిప్పే వైపు అందరికీ తెలియాలి. చిన్న పిడే, కానీ ఉండాల్సిన చోట ఉండాలి కదా.

మా చెల్లెలు ఈ కథ పట్టుకునే మా మరిదిని వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ముందు అసలొద్దని ఏడ్చిందట. ఆయన మాట్లాడకుండా నెల్లాళ్ళు ముఖం వేలాడేసుకుని తిరిగాడట. ఆ నెల్లాళ్ళూ ఇది ఈ విమానాల గురించి ఉన్న పుస్తకాలన్నీ చదివింది. అప్పుడు ఒక కాగితం మీద షరతులు రాసి ముందు పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉంది.

నిబంధన అడగకపోయినా, ఇద్దరు కూర్చునే చిన్న విమానంలో లైసెన్సున్న గురువు దగ్గర పూర్తిగా నేర్చుకుని, ఆయన సరేనన్నాకే ఒంటరిగా ఎక్కాలి. డిజైనులో ఉన్నది ఉన్నట్టు కట్టాలి, సొంత తెలివి వద్దు. సంఘం వాళ్ళలో అనుభవమున్న మనిషి చేత విమానం తనిఖీ చేయించాలి, ఆ తనిఖీ అప్పుడు తనూ పక్కన ఉండాలి. ఇన్సూరెన్సు కాగితాల్లో ఈ సరదా సంగతి దాచకూడదు, ప్రీమియం ఎక్కువైనా సరే. రేపేదైనా జరిగితే దాచినందుకు డబ్బు ఆపేస్తే పిల్లల గతేంటి? పిల్లల చదువుకని దాచిన డబ్బు ముట్టుకోకూడదు. గాలి ఉంటే ఎగరకూడదు, "ఇంత దూరం వచ్చాం కదా" అనే మాట అనకూడదు. దిగగానే ఫోను చెయ్యాలి. ఇవన్నీ ఒక ఎత్తు, పారాచూట్ ఒక ఎత్తు.

పారాచూట్ అంటే మనిషి వీపుకి కట్టుకునేది కాదు. మొత్తం విమానానికే! పిడి లాగితే చిన్న రాకెట్టు పేలి గొడుగుని బయటికి ఈడ్చుకుపోతుంది. విమానం, మనిషి కలిసి కిందికి దిగుతారు. అమెరికాలో మిన్నెసోటాకి చెందిన బోరిస్ పొపోవ్ అనే ఆయన తను గ్లైడరు నుంచి పడి బతికి, 1980లో ఇలాంటివి తయారు చేసే కంపెనీ పెట్టాడు. దీని బరువుకి 254 పౌండ్ల లెక్కలో మినహాయింపు కూడా ఉంది. ఖరీదు మాత్రం తక్కువేం కాదు. మా మరిది "వచ్చే ఏడు కొందాం" అన్నాడట. "అయితే వచ్చే ఏడే ఎగురుదురుగాని" అంది ఇది. వెంటనే కొన్నాడు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. సెకండ్‌హ్యాండువీ, సగం కట్టినవీ అయితే అక్కడ కొత్త కారు ఖరీదులో చాలా తక్కువకే వస్తాయి. కానీ కారు కొనడం, పోషించడం వేరు వేరని మనకి తెలిసిందేగా! ఇంజను కొన్ని గంటలు తిరిగాక విప్పి బాగు చేయించాలి. బెల్టులు, గొట్టాలు, చక్రాలు... మా చెల్లెలు దీనికో నోటు పుస్తకం పెట్టింది, పాల లెక్కలా.

ఎగిరిన రోజు

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్నే వెళ్ళాం. అక్కడ రైతు ఒకాయన పొలం పక్కన గడ్డి కోయించి చదును చేసిన నేలే రన్‌వే. పొద్దునా, సాయంత్రమూ గాలి నిద్రపోతుంది కాబట్టి వీళ్ళు ఆ వేళల్లోనే ఎగురుతారు. ముందు మా మరిది విమానం చుట్టూ ఒక చిన్న పుస్తకం పట్టుకుని తిరిగాడు. ప్రతి బోల్టూ, ప్రతి తీగా చేత్తో తాకి చూడాలి. అచ్చం గుడి చుట్టూ ప్రదక్షిణంలా ఉంది. మా చెల్లెలు వెనకాలే తిరిగి తన కుట్లు తను చూసుకుంది. ఆ తరవాత ముక్కు మీద కుంకుమ బొట్టు పెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. పక్కనున్న అమెరికావాళ్ళు ఇదేమిటని అడిగితే, "ఇది మా తనిఖీ" అని చెప్పింది.

మా ఊళ్ళో పొలాలకి మందు కొట్టే యంత్రం మోతలాంటి మోత చేసుకుంటూ గడ్డి మీద కాస్త దూరం పరుగెత్తి చటుక్కున లేచిపోయింది. మా చెల్లెలు చెయ్యి నా చేతిలో ఉంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. ఇరవై నిమిషాలు. నాకు దైవస్మరణ తప్ప ఇంకేం గుర్తులేదు. పైనుంచి తిరిగి వచ్చేటప్పుడు ఇంజను చప్పుడు తగ్గించి, గడ్డి మీద కొంగ వాలినట్టు వాలాడు.

దిగాక అడిగాను, అంత కష్టపడి రెండేళ్ళు కట్టింది ఈ ఇరవై నిమిషాలకా అని. మా మరిది మాటకారి కాదు. "వదినగారూ, పైన వాసనలు తెలుస్తాయండీ" అన్నాడు. చుట్టూ అద్దాలూ, తలుపులూ ఉండవు కదా. కింద ఎవరో గడ్డి కోస్తే ఆ వాసన, చెరువు మీదికి రాగానే ముఖానికి చల్లదనం, ఏదో ఇంట్లో వేపుళ్ళ వాసన... అన్నీ తెలుస్తాయట. పెద్ద విమానంలో ఇన్నిసార్లు ఇండియా వచ్చివెళ్ళినా ఎగిరినట్టే అనిపించలేదట. కళ్ళెప్పుడూ కింద పొలాల మీదే ఉంటాయట, ఇంజను ఆగితే ఎక్కడ దిగాలా అని. ఎగిరినంతసేపూ దిగే చోటు వెతుక్కోవాలని గురువు నేర్పిన మొదటి పాఠమట అది.

మన దగ్గరైతే

ఇది చదివి ఎవరి అబ్బాయైనా, మేడ మీద మొదలుపెడతానంటే కాస్త ఆపండి. మన దేశంలో అమెరికాలోలా లైసెన్సు లేకుండా ఎగిరే వీలు లేదు. పౌర విమానయాన శాఖ అధికారుల దగ్గర విమానం రిజిస్టరు కావాలి, నడిపేవాళ్ళకి లైసెన్సు ఉండాలి, అనుమతులు ఉండాలి. అయినా కట్టినవాళ్ళు లేకపోలేదు. కేరళలో తొడుపుళ వైపు సజి థామస్ అని ఒకాయన ఉన్నాడు. పుట్టుకతో వినపడదు, మాట్లాడలేడు, బడి చదువూ మధ్యలోనే ఆగిపోయింది. రబ్బరు తోటల మీద మందు కొట్టడానికి వచ్చిన హెలికాప్టర్లని చూసి పిచ్చి పట్టి, పాత సామాన్లతో తనే ఒక అల్ట్రాలైట్ కట్టాడు. అది 2014లో ఎగిరింది కూడా. ఆయన జీవితం ప్రేరణతోనే 2017లో 'విమానం' అని మలయాళ సినిమా వచ్చింది. మన తెలుగులో 2023లో వచ్చిన 'విమానం' వేరు, పొరబడకండి.

ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలటు ఇంకా పెద్ద పనికే పూనుకున్నాడు. తమ అపార్టుమెంటు డాబా మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టాడు. 2016లో ముంబయి ప్రదర్శనలో పెట్టాడు. రిజిస్ట్రేషను రావడానికి 2017 దాకా కాగితాలు పట్టుకుని తిరిగాడు. డాబా మీద వడియాలు పెట్టుకునే చోటు లేక ఆ ఇంటివాళ్ళు ఎన్నేళ్ళు సర్దుకున్నారో!

కేరళ నుంచి వెళ్ళి ఇంగ్లాండులో స్థిరపడిన ఒక ఇంజనీరు, కరోనా రోజుల్లో ఇంటి పెరట్లో షెడ్డు వేసి నలుగురు కూర్చునే విమానం కట్టి, దానికి చిన్న కూతురి పేరు పెట్టి, భార్యా పిల్లలతో తిరుగుతున్నాడని 2022లో పేపర్లలో వచ్చింది. ఈ వార్త మా మరిది కంట్లో పడ్డప్పటి నుంచీ, ఇద్దరు కూర్చునే విమానం కడదామని మొదలుపెట్టాడు.

అల్ట్రాలైటులో ఒక్కరికే చోటు. ఇన్ని కుట్లు కుట్టినా మా చెల్లెలు ఎక్కే వీలు లేదు. రెండు సీట్లయితే ఎక్కొచ్చు, కానీ అప్పుడు నిబంధనలు మారిపోతాయి. విమానం రిజిస్టరు చేయించాలి, ప్రభుత్వం తరఫున తనిఖీ జరగాలి, నడిపే మనిషికి లైసెన్సు కావాలి, సగానికి పైగా పని ఔత్సాహికులు తమ చేత్తోనే చేసినట్టు చూపించాలి. అందుకని ప్రతి పనికీ ఫోటో తీసి లెక్క రాసిపెట్టుకుంటారు. విమానంలో ప్రయాణికులకి కనపడేలా ఒక పలక ఉండాలి. ఇది ఔత్సాహికులు కట్టినదనీ, మామూలు విమానాల భద్రతా ప్రమాణాలకి లోబడినది కాదనీ దాని మీద రాసి ఉంటుంది. పూర్తయ్యాక కొన్ని గంటలు, సాధారణంగా 25 గానీ 40 గానీ, ప్రయాణికులెవరినీ ఎక్కించుకోకుండా కేటాయించిన చోటే ఎగిరి పరీక్షించాలి.

మొన్న ఫోనులో మా చెల్లెలు చెప్పింది, తోక భాగం పెట్టె వచ్చిందట. కారు మళ్ళీ బయటికి పోయింది. 40 గంటలు పూర్తయి, ప్రతి గంటా పుస్తకంలో ఎక్కాకే తను ఎక్కుతానందట. ఆ పుస్తకం మాత్రం తన దగ్గరే ఉంటుందట, పాల లెక్క పక్కనే.